ఆల్చిప్పల పెంపకంలో నీటి ఉష్ణోగ్రత ప్రాధాన్యం: విశాఖ తీరానికి వర్తించే అంశాలు

దువ్వాడ (విశాఖపట్నం): దువ్వాడ పేరు వినగానే ఉక్కు కర్మాగారం, ప్రత్యేక ఆర్థిక మండలి, రైల్వే స్టేషను గుర్తుకు రావడం సహజం. అయితే ఈ పారిశ్రామిక ప్రాంతానికి దక్షిణాన కొద్దిపాటి దూరంలోనే గంగవరం, అప్పికొండ, ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాలు, వాటిని ఆనుకుని బంగాళాఖాతం ఉన్నాయి. వేటపై ఆదాయం ఏడాది పొడవునా నిలకడగా లేని ఇటువంటి గ్రామాలకు ఆల్చిప్పల పెంపకం అదనపు జీవనోపాధి కాగలదన్న అభిప్రాయం చాలాకాలంగా ఉంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో చిప్పజాతుల పెంపకానికి చోటు లభించింది. కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టానికి 2023లో చేసిన సవరణ ద్వారా చిప్పజాతుల పెంపకం, ముత్యపు చిప్పల పెంపకం, సముద్ర నాచు సాగు, పంజరాలలో చేపల పెంపకం కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చాయి. ఈ నేపథ్యంలో పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారులు తరచుగా ఎదుర్కొనే ఒక ప్రశ్నకు సమాధానంగా ఈ సమాచారం కూర్చబడింది. ఈ తీరపు నీటి వేడి ఆల్చిప్పకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నదే ఆ ప్రశ్న.

రొయ్యల చెరువులో నీరు వేడెక్కితే రైతు ఏరేటర్లు తిప్పుతాడు, నీరు మారుస్తాడు, మేత తగ్గిస్తాడు. ఆల్చిప్పల రైతుకు ఈ వెసులుబాటు ఏదీ లేదు. పెంపకం బహిరంగ జలాలలో జరుగుతుంది. మేత వేయవలసిన అవసరం లేదు; నీటిలోని సూక్ష్మ వృక్ష ప్లవకాలే దానికి ఆహారం. ఖర్చు తక్కువగా ఉండటానికి కారణం ఇదే. నీటిపై అదుపు లేకపోవడానికి కారణమూ ఇదే. పైగా చేప వలె ఆల్చిప్ప మరో చోటికి తరలిపోలేదు. ఒకసారి అతుక్కున్న చోటనే దాని జీవితం గడుస్తుంది. కనుక స్థలం ఎంపిక, పిల్ల చిప్పలను కట్టే నెల, కోత కోసే నెల, ఈ మూడు నిర్ణయాలలోనే రైతు చేతిలో ఉన్నదంతా ఇమిడి ఉంది. ఈ మూడింటికీ ఉష్ణోగ్రతే మొదటి ఆధారం.

మన తీరపు ఆల్చిప్ప

తూర్పు తీరంలో పెంపకానికి అనువైనదిగా గుర్తింపు పొందిన తినదగిన ఆల్చిప్ప శాస్త్రీయ నామం క్రాసోస్ట్రియా మద్రాసెన్సిస్. 1916లో ప్రెస్టన్ అనే శాస్త్రవేత్త దీనికి మద్రాసు పేరు పెట్టారు. నదీ ముఖాలు, ఉప్పుటేరులు, వెనుక జలాలు దీని నివాసాలు. విశాఖ పరిసరాలలో భీమునిపట్నం వద్ద గోస్తనీ నదీ ముఖం, దక్షిణాన కాకినాడ అఖాతం వీటికి ప్రసిద్ధి. అలల తాకిడి గల రాళ్లపై కనిపించే చిన్న రాతి ఆల్చిప్ప వేరు జాతి. రెండింటినీ ఒకటిగా భావించి వార్తలు రాయడం కద్దు. పెంపకానికి సంబంధించినంతవరకు మొదటిదే లెక్కలోకి వస్తుంది.

దేశంలో ఆల్చిప్పల పెంపకంపై తొలి ప్రయత్నం 1910 ప్రాంతంలో పులికాట్ సరస్సులో జేమ్స్ హార్నెల్ ఆధ్వర్యంలో జరిగింది. ఆ తరువాత శాస్త్రీయ పద్ధతిని రూపొందించిన ఘనత కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు దక్కుతుంది. 1970లలో తూత్తుకుడి కేంద్రంగా ఆ సంస్థ కర్ర పందిళ్లకు చిప్పల దండలు వేలాడదీసే పద్ధతిని, ట్రేలలో పెంచే పద్ధతిని అభివృద్ధి చేసింది. 1980ల తొలినాళ్లలో హేచరీలో పిల్ల చిప్పలను ఉత్పత్తి చేయడంలో కూడా విజయం సాధించింది. వాణిజ్య స్థాయిలో ఈ పెంపకం ప్రధానంగా కేరళలో, అష్టముడి, వేంబనాడు సరస్సుల ప్రాంతంలో, 1990ల మధ్య నుంచి మహిళా స్వయం సహాయక బృందాల ద్వారా వేళ్లూనుకుంది.

ఉష్ణోగ్రత, పెరుగుదల

ఆల్చిప్ప శీతల రక్త జీవి. తన శరీర ఉష్ణోగ్రతను తాను నిలుపుకోలేదు. చుట్టూ ఉన్న నీటి వేడే దాని ఒంటి వేడి. నీరు పది డిగ్రీలు వేడెక్కితే దాని జీవక్రియ వేగం సుమారు రెండింతలవుతుందని స్థూలంగా చెప్పవచ్చు. మొప్పలపై ఉండే సన్నని కేశాలు వేగంగా కదులుతాయి, గంటకు వడపోసే నీరు పెరుగుతుంది, ఆహారం ఎక్కువ అందుతుంది, పెంకు త్వరగా పెరుగుతుంది. చలి దేశాలలో శీతకాలమంతా ఆల్చిప్ప దాదాపు నిద్రావస్థలో గడుపుతుంది. అమెరికా తూర్పు తీరపు ఆల్చిప్ప నీరు 5 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడినప్పుడు పెంకు మూసుకుని మేత మానివేస్తుంది. మన జలాలలో అటువంటి విరామం లేదు. ఫ్రాన్స్‌లో పసిఫిక్ ఆల్చిప్ప విక్రయానికి సిద్ధం కావడానికి సాధారణంగా రెండు, మూడు సంవత్సరాలు పడుతుండగా, తూత్తుకుడి పరిస్థితులలో మన ఆల్చిప్ప దాదాపు ఒక సంవత్సరంలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్ల పరిమాణానికి చేరుతుంది. కేరళ వెనుక జలాలలో నవంబరు, డిసెంబరు నెలల్లో కట్టిన దండలను వర్షాకాలం రాకముందే, అయిదారు నెలల్లో కోయడం ఆనవాయితీ. జాతులు వేరు, అంగడి కోరే పరిమాణాలు వేరు అయినందున ఈ పోలికను యథాతథంగా తీసుకోరాదు. అయినా వ్యత్యాసంలో అధిక భాగం నీటి వేడి వల్లనే అన్నది నిర్వివాదం.

అయితే వేడి పెరిగినకొద్దీ పెరుగుదల కూడా పెరుగుతూనే పోతుందనుకోవడం పొరపాటు. ఒక స్థాయి దాటిన తరువాత వడపోత వేగం తగ్గుముఖం పడుతుంది. శ్వాసక్రియకు అయ్యే ఖర్చు మాత్రం తగ్గదు సరికదా మరింత పెరుగుతుంది. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన కుటుంబం దాచుకున్న సొమ్ము తీసి వాడుకున్నట్లే, ఆల్చిప్ప తన శరీరంలో దాచుకున్న గ్లైకోజన్‌ను కరిగించుకుంటుంది. గ్లైకోజనే మాంసానికి తీపిని, నిండుదనాన్ని ఇచ్చే పదార్థం. పైకి పెంకు పెద్దదిగానే కనిపిస్తుంది, తెరిస్తే మాంసం పలుచగా, నీరుగా ఉంటుంది. తూకం వేసినప్పుడు గానీ రైతుకు నష్టం తెలియదు. పెంకుతో కలిపిన మొత్తం బరువులో మాంసం వాటా మంచి అదనులో సైతం నూటికి ఎనిమిది నుంచి పది పాళ్లు మాత్రమే. అందులో రెండు పాళ్లు తగ్గినా రాబడిలో అయిదో వంతు పోయినట్లే.

ప్రాణవాయువు విషయం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. సముద్రపు నీరు 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 6.2 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అవసరం పెరిగిన సమయంలోనే లభ్యత తగ్గుతుందన్నమాట. ప్రవాహం బాగా ఉన్న చోట ఈ తేడా పెద్దగా బాధించదు. నీటి కదలిక మందగించిన ఉప్పుటేరులో, వేసవి తెల్లవారుజామున, అదే ప్రాణాంతకం కాగలదు.

పెంపకానికి 21 నుంచి 31 డిగ్రీల ఉష్ణోగ్రత, వేయింట 22 నుంచి 35 పాళ్ల లవణీయత అనుకూలమని పరిశోధన సంస్థ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఈ రెండు అంకెల జతను విశాఖ తీరపు పరిస్థితులతో పోల్చి చూడటం అవసరం.

విశాఖ నీటి పంచాంగం

విశాఖ వద్ద తీర జలాల ఉపరితల ఉష్ణోగ్రత డిసెంబరు, జనవరి నెలల్లో సుమారు 25 డిగ్రీలకు దిగుతుంది. మే, జూన్ నెలల్లో 29, 30 డిగ్రీలకు చేరుతుంది. వర్షాకాలంలో కొంత తగ్గి, అక్టోబరులో మరల స్వల్పంగా పెరుగుతుంది. ఏడాది మొత్తంలో తేడా అయిదారు డిగ్రీలకు మించదు. చలి దేశాల సముద్రాలలో ఇది పదిహేను, ఇరవై డిగ్రీల దాకా ఉంటుంది.

ఇందులో ఒక విశేషం ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, మే వరకు నైరుతి గాలులు తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు లోపలి సముద్రం వైపు నెట్టబడి, అడుగు నుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1950లలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్ వాల్తేరు తీరంలో ఈ ప్రక్రియను పరిశీలించి నమోదు చేశారు. అడుగు నీరు తనతో పోషక లవణాలను తెస్తుంది. వాటి ఆధారంగా వృక్ష ప్లవకాలు విరివిగా పెరుగుతాయి. అదే విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి, వారి సహ పరిశోధకులు ఈ తీరపు ప్లవకాలపై విస్తృతంగా కృషి చేసిన సంగతి విదితమే. ఎండలు ముదురుతున్న రోజులలో నీరు ఒకింత చల్లబడటం, అదే సమయంలో మేత సమృద్ధి కావడం ఆల్చిప్పకు లభించే అరుదైన సదవకాశం. విశాఖ తీరానికి గల ఈ సానుకూలత ఆల్చిప్పల పెంపకం గురించిన చర్చలలో తగినంతగా ప్రస్తావనకు రావడం లేదు.

అయితే ఈ లాభం తెరపి సముద్రానికి, దానితో చక్కగా కలిసే నదీ ముఖాలకు పరిమితం. ఇసుక మేట వేసి మూసుకుపోయిన ఏటి ముఖం వెనుక, మోకాలి లోతు నీటిలో, మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత సముద్రపు అంకెను ఎంతగానో మించిపోతుంది. గోస్తనీ, రాంబిల్లి మండలంలో సముద్రంలో కలిసే శారదా వంటి చిన్న నదులకు వేసవిలో ప్రవాహం స్వల్పం. ముఖద్వారంలో మేట వేయడం సాధారణం. స్థల పరిశీలనకు వెళ్లిన అధికారి సముద్రపు ఉష్ణోగ్రత పట్టికను చూసి నదీ ముఖానికి అనుమతి సిఫారసు చేస్తే, అది ఇంటి ముందు నీడలో పెట్టిన ఉష్ణమాపకం చూసి పెంకుటింటి కప్పు వేడిని అంచనా కట్టినట్లే అవుతుంది.

లవణీయత కథ వేరు. వేసవిలో వేయింట 34 పాళ్ల దాకా ఉండే ఉప్పదనం, అక్టోబరు, నవంబరు నెలల్లో తీర ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లి గంగా, మహానది వంటి నదుల వరద నీటిని మోసుకురావడంతో గణనీయంగా పడిపోతుంది. తుపానుల కాలం కూడా అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తీరును గుర్తుంచుకున్న వారికి ఆ నెలల్లో పందిళ్ల మీద పంట ఉంచడంలోని ప్రమాదం వేరుగా చెప్పనక్కరలేదు.

ఉష్ణోగ్రత, సంతానోత్పత్తి

ఆల్చిప్పల జాతిలో ఒక విచిత్రం ఉంది. చిన్న వయసులో అధిక భాగం మగవి. పెరిగి పెద్దవయ్యాక అనేకం ఆడవిగా మారతాయి. ఆడ, మగ చిప్పలు బీజకణాలను నీటిలోకే విడుదల చేస్తాయి. ఫలదీకరణం బయటనే జరుగుతుంది. ఒక చిప్ప విడుదల చేసిన కణాలు పొరుగు చిప్పలను ప్రేరేపిస్తాయి. ఆ విధంగా గంటల వ్యవధిలో మొత్తం గుట్ట విడుదలలో పాల్గొంటుంది. ఒక పెద్ద ఆడ చిప్ప ఒక విడతలో కోటి, అంతకు పైబడిన సంఖ్యలో గుడ్లు విడుదల చేయగలదు.

చలి దేశాలలో ఈ ప్రక్రియకు గడియారం ఉష్ణోగ్రతే. పసిఫిక్ ఆల్చిప్పలో నీరు 10 డిగ్రీలు సమీపించినప్పుడు బీజకణాల తయారీ మొదలవుతుంది. దాదాపు 20 డిగ్రీలకు చేరిన వేసవిలో విడుదల జరుగుతుంది. ఏడాదికి ఒక్క రుతువు, ఒక్క విడత. మన తీరంలో నీరు ఏనాడూ 20 డిగ్రీలకు దిగదు. అనగా ఆ గడియారం ఇక్కడ ఎల్లవేళలా 'సిద్ధం' అనే చూపిస్తూ ఉంటుంది. అందువల్ల ఏ నెలలో చూసినా ఏవో కొన్ని చిప్పలు పక్వదశలో ఉంటాయి. అయినప్పటికీ విడుదల సంవత్సరమంతా సమానంగా ఉండదు. కొన్ని నెలల్లో ముమ్మరంగా, కొన్ని నెలల్లో నామమాత్రంగా ఉంటుంది. ఉష్ణోగ్రత తలుపులు తెరిచే ఉంచినప్పుడు, ఎప్పుడు బయటికి రావాలో చెప్పేది ఏది?

దీనికి తొలినాళ్లలో సమాధానం వెదికిన వారిలో కె. వీరభద్రరావు ఒకరు. భారతీయ వెనుక జలాల ఆల్చిప్పలో బీజకణాల విడుదల, డింభకాల వృద్ధి, అతుక్కోవడం అనే దశలపై లవణీయత ప్రభావాన్ని గురించి ఆయన 1951లో పరిశీలనలు ప్రచురించారు. శీర్షికలోనే ఉష్ణోగ్రతకు బదులు లవణీయత చోటు చేసుకోవడం గమనార్హం. ఉష్ణమండలంలో ఉప్పదనంలో వచ్చే మార్పు, మేత సమృద్ధి, నీటి వేడిలో అకస్మాత్తుగా వచ్చే చిన్న హెచ్చుతగ్గులు కలిసి ప్రేరణగా పనిచేస్తాయని నేటి అవగాహన. అంకె ఎంత ఉన్నదన్న దానికంటే అది ఎంత త్వరగా మారినదన్నది ముఖ్యం. స్వాతి కార్తెలో చినుకు పడితే ఆల్చిప్పలో ముత్యం పుడుతుందన్న నమ్మకం తెలుగునాట పూర్వం నుంచి ఉన్నదే. ముత్యం సంగతి అటుంచితే, స్వాతి కార్తె వచ్చే అక్టోబరు చివరి రోజులలోనే ఈ తీరపు నీటి ఉప్పదనం మారడం మాత్రం వాస్తవం.

హేచరీలలో మాత్రం ఉష్ణోగ్రతనే సాధనంగా వాడుకుంటారు. తల్లి చిప్పలను బయటి నీటి కంటే కొన్ని డిగ్రీలు చల్లగా ఉంచిన గదిలో, సమృద్ధిగా ప్లవకాలు మేపుతూ కొన్ని రోజులు ఉంచుతారు. చల్లదనం వల్ల అవి అకాలంలో విడుదల చేయకుండా, బీజకణాలను పూర్తిగా పక్వం చేసుకుంటాయి. ఆ తరువాత వాటిని ఒక్కసారిగా మామూలు కంటే వేడి నీటిలోకి మారుస్తారు. ఆ కుదుపుతో విడుదల జరుగుతుంది. చలి దేశాల హేచరీలో నీటిని వేడి చేయడానికి ఖర్చు అయితే, ఇక్కడ చల్లబరచడానికి ఖర్చవుతుంది. హేచరీ ప్రతిపాదనలను పరిశీలించే బ్యాంకు అధికారులు విద్యుత్ వ్యయం అంచనాలో దీనిని గమనించవలసి ఉంటుంది.

ఫలదీకరణ జరిగిన దాదాపు ఒక రోజులో గుడ్డు నుంచి రెండు పెంకుల డింభకం ఏర్పడుతుంది. అది నీటిలో ఈదుతూ, సూక్ష్మ ప్లవకాలను తింటూ, మన జలాల ఉష్ణోగ్రతలలో సుమారు రెండు నుంచి మూడు వారాలలో అతుక్కునే దశకు చేరుతుంది. నీరు చల్లబడితే ఈ గడువు పొడిగిపోతుంది. ఈదే ప్రతి రోజూ డింభకానికి గండమే. చేపలు తింటాయి, ప్రవాహం లోతుకు ఈడ్చుకుపోతుంది. కనుక వెచ్చని నీరు ఆ గండపు రోజులను తగ్గించి మేలు చేస్తుంది. మరోవైపు, డింభకం పెద్ద చిప్ప కంటే సున్నితమైనది. తల్లి తట్టుకున్న వేడిని అది తట్టుకోలేకపోవచ్చు. పెద్ద చిప్పలు ఆరోగ్యంగా కనిపిస్తున్నా, సున్నం పూసిన పెంకులపైన, ఖాళీ చిప్పల దండలపైన పిల్లలు పడలేదంటే నీటి వేడిని, ఉప్పదనాన్ని అనుమానించడం సమంజసం.

కోతకు అదను

బీజకణాల తయారీకి ఆల్చిప్ప ఖర్చు చేసేది పైన పేర్కొన్న గ్లైకోజన్ నిల్వనే. విడుదలకు ముందు మాంసం నిండుగా, పాలవన్నెలో ఉంటుంది. విడుదల అయిన వెంటనే పలుచబడి, పారదర్శకంగా మారుతుంది. తిరిగి కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఏడాదికి ఒక్కసారి విడుదల చేసే జాతికి ఈ నష్టం ఒక్కసారే. పలు విడతలుగా విడుదల చేసే మన ఆల్చిప్ప విషయంలో కోత తేదీ కొద్దిగా తప్పినా మాంసం దిగుబడి పడిపోతుంది. వెచ్చని నీరు ఇచ్చిన వేగానికి రైతు చెల్లించే మూల్యం ఇది.

ఐరోపాలో, ఆంగ్ల నెలల పేర్లలో 'ఆర్' అక్షరం లేని మే నుంచి ఆగస్టు వరకు ఆల్చిప్పలు తినరాదన్న నానుడి ఉంది. అక్కడి వేసవి విడుదల కాలానికి అది సరిపోయిన నియమం. దానిని యథాతథంగా మన తీరానికి తెచ్చి అన్వయించడం కొన్ని వంటల శీర్షికలలో కనిపిస్తున్నది. దానికి ఆధారం లేదు. మన వద్ద అక్షరం చూసి కాదు, వారం వారం నాలుగు చిప్పలు తెరిచి మాంసం తూచి కోత నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఫ్రాన్స్ రైతులు ఈ సమస్యకు మరో మార్గం కనుగొన్నారు. క్రోమోజోముల సంఖ్య మార్చడం ద్వారా బీజకణాలు దాదాపుగా ఏర్పడని చిప్పలను హేచరీలలో తయారు చేసి, వాటిని నాలుగు రుతువుల ఆల్చిప్పలుగా ఏడాది పొడవునా విక్రయిస్తున్నారు.

వేడి మితిమీరినప్పుడు

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పోటు తగ్గిన వేళ గాలికి బయటపడిన ఆల్చిప్పకు నీటి వేడి కంటే ఎండ వేడి పెద్ద శత్రువు. విశాఖ వద్ద పెద్ద పోటు, పాటుల మధ్య వ్యత్యాసం సుమారు ఒకటిన్నర మీటరు. పందిరి ఎత్తు తప్పుగా నిర్ణయిస్తే పై వరుస చిప్పలు గంటల తరబడి ఎండలో ఉంటాయి. పెంకు మూసుకుని అవి కొంతసేపు ఓర్చుకుంటాయి. ఆ తరువాత ఉడికిపోతాయి. 2021 జూన్ చివరిలో అమెరికా, కెనడాల పసిఫిక్ తీరంలో వచ్చిన వడగాల్పులకు ఒడ్డున బయటపడిన చిప్పజాతులు అసంఖ్యాకంగా మరణించిన ఉదంతం ప్రపంచమంతటా వార్త అయింది.

వెచ్చని నీటిలో ఆల్చిప్పతో పాటు దాని పోటీదారులు కూడా త్వరగా పెరుగుతాయి. దండలపై కొక్కిరి చిప్పలు, నాచు, పచ్చ చిప్పలు పేరుకుని ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. అమెరికా ఉష్ణమండల జలాలకు చెందిన నల్లచారల చిప్ప 1967లో విశాఖ ఓడరేవులో కనుగొనబడి, తరువాత నౌకాశ్రయ కట్టడాలను విపరీతంగా ఆక్రమించిన సంగతి ఈ ప్రాంత జీవశాస్త్రజ్ఞులకు తెలిసినదే. పెంపకం దండలను తరచుగా శుభ్రపరచడానికి అయ్యే కూలి ఖర్చును ప్రాజెక్టు నివేదికలలో తక్కువగా చూపడం తగదు.

వ్యాధుల విషయంలో ఉష్ణోగ్రత ఒక గడప వంటిది. ఫ్రాన్స్‌లో 2008 నుంచి పిల్ల ఆల్చిప్పలను మూకుమ్మడిగా బలిగొన్న హెర్పిస్ జాతి వైరస్ నీరు 16 డిగ్రీలు దాటినప్పుడు విజృంభించింది. మనుషులకు హాని చేసే విబ్రియో జాతి సూక్ష్మజీవులు కూడా 20 డిగ్రీలు మించిన నీటిలో వేగంగా వృద్ధి చెందుతాయి. చలి దేశాలలో వీటి భయం వేసవికే పరిమితం. మన నీరు ఏడాది పొడవునా ఆ గడపకు పైనే ఉంటుంది కాబట్టి ఇక్కడ జాగ్రత్తకు సెలవు నెల లేదు. శుభ్రమైన నీటిలో ఒకటి, రెండు రోజులు ఉంచి చిప్పలను కడిగే పద్ధతి మలసంబంధ క్రిములను బాగా తగ్గించినా, విబ్రియోలను పూర్తిగా తొలగించలేదు. కోసిన వెంటనే నీడలోకి చేర్చి 10 డిగ్రీలకు మించని చల్లదనంలో ఉంచడం, పచ్చిగా కాక బాగా ఉడికించి తినడం ముఖ్యం. నగర మురుగు, ఓడరేవు వ్యర్థాలు చేరే నీటిలో పెంపకం ఏ ఉష్ణోగ్రతలోనైనా అనర్హమన్నది వేరుగా చెప్పనవసరం లేదు.

దువ్వాడ పరిసరాలకు ప్రత్యేకంగా వర్తించే మరో అంశం పారిశ్రామిక శీతలీకరణ జలాలు. పరవాడ సమీపంలోని 2,000 మెగావాట్ల సింహాద్రి తాప విద్యుత్ కేంద్రం శీతలీకరణకు సముద్రపు నీటినే వినియోగిస్తున్నది. 165 మీటర్ల ఎత్తున్న దాని శీతలీకరణ గోపురాలు దూరం నుంచే కనిపిస్తాయి. గోపురాలలో చల్లబరచి అదే నీటిని తిరిగి వాడే పద్ధతిలో బయటికి వదిలే నీరు తక్కువగా ఉంటుంది. నీటిని ఒకసారి వాడి వదిలివేసే పద్ధతిలో ఎక్కువగా ఉంటుంది. కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 1998 డిసెంబరులో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, సముద్రపు నీటిని వాడే కొత్త తాప విద్యుత్ కేంద్రాల విడుదల వల్ల, ఆ నీటిని స్వీకరించే జలాల ఉష్ణోగ్రత సహజ స్థాయి కంటే 7 డిగ్రీలకు మించి పెరగరాదు. జనవరిలో 25 డిగ్రీల నీటికి 7 కలిపితే 32. మే నెలలో 30 డిగ్రీల నీటికి 7 కలిపితే 37. నిబంధన రెండు నెలలకూ ఒక్కటే. ఆల్చిప్పకు మాత్రం మొదటిది అనుకూల పరిధి అంచు, రెండవది దానికి ఎంతో వెలుపల. ఇది ఏ ఒక్క కర్మాగారాన్నీ ఉద్దేశించిన వ్యాఖ్య కాదు. విడుదల చోటు నుంచి దూరం పోయేకొద్దీ, ప్రవాహాన్ని బట్టి, వేడి త్వరగానే పలుచబడుతుంది. అయితే పెంపకానికి స్థలం సూచించేటప్పుడు విడుదల గొట్టం ఎక్కడ ఉన్నది, వేసవి ప్రవాహం ఏ దిశలో ఉన్నది అన్న రెండు వివరాలు దస్త్రంలో తప్పనిసరిగా ఉండవలసినవి. ఫిబ్రవరి, మే నెలల మధ్య ఈ తీరపు ప్రవాహం ఈశాన్యం వైపు, శీతకాలం తొలి నెలల్లో నైరుతి వైపు సాగుతుంది. ఒక రుతువులో నిరపాయమైన స్థలం మరో రుతువులో కాకపోవచ్చు.

ఈ లెక్కకు తోడు సముద్రమే వేడెక్కుతున్నది. ఉష్ణమండల హిందూ మహాసముద్ర ఉపరితల ఉష్ణోగ్రత 1951, 2015 మధ్య సగటున ఒక డిగ్రీ మేర పెరిగినట్లు కేంద్ర భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక పేర్కొన్నది. చలి సముద్రంలో ఒక డిగ్రీ పెరిగితే ఆల్చిప్పకు మేసే రోజులు పెరుగుతాయి. మే నెలలో 30 డిగ్రీలను తాకే సముద్రంలో అదే ఒక డిగ్రీ, 31 డిగ్రీల అనుకూల పరిధిలో మిగిలిన ఖాళీని పూర్తిగా మింగివేస్తుంది.

ముత్యపు చిప్పలు

ముత్యపు చిప్ప తినదగిన ఆల్చిప్పకు భిన్నమైన జాతి. 1973లో తూత్తుకుడి సమీపంలోని వేప్పలోడై వద్ద డాక్టర్ కె. అళగర్‌స్వామి బృందం దేశంలో తొలిసారిగా గోళాకారపు కృత్రిమ ముత్యాన్ని సాధించింది. విశాఖలోని పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో కూడా ముత్యపు చిప్పల హేచరీ, ఒడ్డున తొట్లలో పెంపకంపై కృషి జరిగింది. ఇక్కడా ఉష్ణోగ్రత రెండు వైపులా పదునే. వెచ్చని నీటిలో ముత్యపు పొర త్వరగా పేరుకుంటుంది. చల్లని నీటిలో నెమ్మదిగా, పలుచని పొరలుగా ఏర్పడి మెరుపు ఎక్కువగా ఉంటుంది. జపాన్‌లో ముత్యాలను శీతకాలంలో తీయడానికి కారణం ఇదే.

కొలవవలసినవి

పెంపకం ప్రతిపాదించిన స్థలంలో ముందుగా కనీసం పన్నెండు నెలల నీటి ఉష్ణోగ్రత, లవణీయత వివరాలు ఉండటం అవసరం. కొలత దండలు వేలాడే లోతులో తీసుకోవాలి. పైనీటి కొలత సరిపోదు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఒకసారి నమోదు చేస్తే రోజులోని హెచ్చుతగ్గులు తెలుస్తాయి. పాటు సమయం కూడా పక్కనే రాసి ఉంచాలి. ఇందుకు ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. సాధారణ ఉష్ణమాపకం, చేతిలో ఇమిడే లవణీయతామాపకం చాలు. గ్రామంలోని మత్స్యకార మహిళా సంఘ సభ్యులే ఈ నమోదు చేయగలరు. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, సముద్ర వడగాల్పుల సూచనలను హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం అందజేస్తున్నది. చేపలు లభించే ప్రాంతాల సూచన కోసం ఆ కేంద్రంతో ఇప్పటికే పరిచయం ఉన్న మత్స్యకారులకు ఇది కొత్త కాదు. సూచన వెలువడిన రోజులలో పై వరుస దండలను ఒక మీటరు కిందికి దించడం, పరిమాణానికి వచ్చిన చిప్పలను ముందుగానే కోయడం, ఆ వారంలో కొత్త పిల్లలను కట్టకపోవడం రైతు చేయదగిన పనులు.